ముందు ఏజెంటు.. చివర వకీలు

పరాయి దేశం బయల్దేరే మనిషికి తొలిరోజే అందాల్సిన న్యాయ సలహా, జైలు తలుపు మూసుకున్నాక గానీ ఎవరికీ గుర్తురావడం లేదు. నలభై ఏళ్లు దాటిన వలస చట్టాన్ని తిరగరాస్తున్న ఈ సమయంలోనైనా ఆ వరస మారాలి.

సికింద్రాబాద్ జూబ్లీ బస్ స్టేషన్‌లో ఇంకా పూర్తిగా తెల్లవారదు. కరీంనగర్, జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్‌ల నుంచి రాత్రి బయల్దేరిన బస్సులు ఒకదాని వెనక ఒకటి వచ్చి ఆగుతుంటాయి. దిగేవాళ్లలో కొందరు చేతి సంచినైనా కింద పెడతారు గానీ చంకలో పెట్టుకున్న ప్లాస్టిక్ కవరును మాత్రం వదలరు. పదో తరగతి మెమో, ఆధార్ కార్డు, పాత పాస్‌పోర్టు, తీయించుకున్న నాలుగు ఫొటోలు అందులోనే ఉంటాయి. కుళాయి దగ్గర మొహం కడుక్కుని, ఓ చాయ్ తాగి, ఒకరు గామ్కా మెడికల్ పరీక్షకు పోతారు. ఒకరు కుమ్మరిగూడలోని ప్రాంతీయ పాస్‌పోర్టు కార్యాలయం దారి పడతారు. పేరులో అక్షరం తేడా వచ్చిందనో, పోలీసు రిపోర్టు సరిగా రాలేదనో ఫైలు అక్కడ ఆగిపోయి ఉంటుంది. మరొకరు ఏజెంటు ఫోన్లో చెప్పిన లాడ్జి గదికో, మేడ మీది ఆఫీసుకో ఆటో మాట్లాడుకుంటారు. పొద్దుగూకేలోగా మళ్లీ ఇక్కడికే వచ్చి ఊరి బస్సు ఎక్కాలి. ఆ ఒక్క రోజులో వాళ్లకు డాక్టరు తగులుతాడు, గుమస్తా తగులుతాడు, జిరాక్సు షాపాయన, నోటరీ, ఏజెంటు, ఏజెంటు కింది సబ్ ఏజెంటు, అందరూ తగులుతారు. సంతకం పెట్టబోయే కాగితంలో ఏముందో చదివి చెప్పే వకీలు మాత్రం ఒక్కడూ తగలడు.

ఈ ప్రయాణం చివరికి ఎక్కడ తేలవచ్చో 2024 ఫిబ్రవరిలో శంషాబాద్ విమానాశ్రయంలో అందరం టీవీల్లో చూశాం. 2005లో దుబాయిలో జరిగిన ఒక నేపాలీ కాపలాదారు హత్య కేసులో శిక్షపడిన సిరిసిల్ల ప్రాంతపు ఐదుగురు కార్మికులు, సుమారు పద్దెనిమిదేళ్ల జైలు తర్వాత విడతలుగా ఇల్లు చేరారు. పసివాళ్లుగా వదిలివెళ్లిన పిల్లలు పెద్దవాళ్లై ఎదురొచ్చారు. వాళ్లు నేరం చేశారా లేదా అన్నది తేల్చడం ఈ కథనం పని కాదు. కానీ ఆ విడుదల ఎలా సాధ్యమైందో చూడండి. హతుడి కుటుంబం క్షమిస్తే తప్ప దారి లేదు. అందుకు సిరిసిల్ల ఎమ్మెల్యే కేటీఆర్ స్వయంగా నేపాల్ వెళ్లి ఆ కుటుంబానికి రూ.15 లక్షల పరిహారం అందేలా చూసి, క్షమాభిక్ష పత్రం మీద సంతకం పెట్టించారు. ఆ తర్వాత కూడా ఏళ్ల తరబడి దుబాయి వకీళ్లు, దౌత్య కార్యాలయం, స్వచ్ఛంద కార్యకర్తలు తిరగ్గా తిరగ్గా ఫలితం దక్కింది. అరెస్టయిన మొదటి వారంలో జరగాల్సిన పని, అంటే పోలీసుల ముందు ఇచ్చే వాంగ్మూలాన్ని సొంత భాషలో వినిపించడం, దుబాసీని అడగడం, అప్పీలు గడువు లెక్కపెట్టడం, ఒక నాయకుడి పట్టుదల మీదా ఒక కుటుంబం ఓపిక మీదా ఆధారపడే పనిగా మారింది. వాటిలో ఏ ఒక్కటి లేకపోయినా ఆ మనుషులు ఇంకా లోపలే ఉండేవారు.

విదేశీ జైళ్లలో 10,152 మంది భారతీయులు ఉన్నారని 2025లో కేంద్రం పార్లమెంటుకు చెప్పింది. ఒక్క సౌదీలోనూ ఒక్క యూఏఈలోనూ విడివిడిగా రెండున్నర వేలకు పైనే. మరణశిక్ష పడినవాళ్లు 49 మంది. యెమెన్ జైల్లో ఉన్న కేరళ నర్సు నిమిష ప్రియ ఉరి ఆ ఏడాది జులై 16కు ఖరారై చివరి నిమిషంలో వాయిదా పడినప్పుడు దేశమంతా బ్లడ్ మనీ (హతుడి కుటుంబానికి ఇచ్చే పరిహారం) గురించి మాట్లాడుకుంది. అదే ఏడాది అక్టోబరులో విదేశాంగ శాఖ 1983 నాటి వలస చట్టం స్థానంలో తెచ్చే కొత్త బిల్లు ముసాయిదాను ప్రజాభిప్రాయానికి పెట్టింది. ఈ సందర్భంలో చర్చంతా ఏజెంట్ల లైసెన్సులు, జరిమానాలు, నైపుణ్య శిక్షణల చుట్టూ తిరుగుతోంది. వలస వెళ్లే మనిషి తరఫున మాట్లాడే వకీలు ఎవరు, అతణ్ని ఎవరు నియమిస్తారు, ఫీజు ఎవరిస్తారు అన్న ప్రశ్న అందులో అంచున కూడా లేదు. అసలు ముందు తేల్చాల్సింది అదే.

తలుపు తట్టినవాళ్లకు దొరికింది

వకీలు ఉండటానికీ లేకపోవడానికీ తేడా ఎంతో తెలుసుకోవాలంటే అమెరికాలోని మన పిల్లల సంగతే చూడొచ్చు. 2025 ఏప్రిల్ మొదట్లో అక్కడ వేలమంది విదేశీ విద్యార్థుల వివరాలుండే ప్రభుత్వ సెవిస్ రికార్డులు ఉన్నట్టుండి రద్దయ్యాయి. చాలామందికి సరైన కారణం చెప్పలేదు. ఎప్పుడో పడిన ట్రాఫిక్ కేసు, కొట్టేసిన చిన్న కేసు కూడా కొందరి మెడకు చుట్టుకుంది. అమెరికా ఇమ్మిగ్రేషన్ లాయర్ల సంఘం సేకరించిన 327 కేసుల్లో సగం భారతీయులవే. సికింద్రాబాద్ నుంచి వరంగల్ దాకా ఎన్నో ఇళ్లలో ఆ మూడు వారాలూ నిద్ర లేదు. అయితే ఆ పిల్లలు పెట్టె సర్దుకోలేదు, వకీళ్ల దగ్గరికి పోయారు. అట్లాంటా ఫెడరల్ కోర్టులో 133 మంది విద్యార్థులు పేర్లు బయటపెట్టకుండా కలిసి దావా వేశారు. ఏప్రిల్ 18న జడ్జి వాళ్లకు తాత్కాలిక రక్షణ ఇచ్చారు. దేశమంతటా అలాంటివే పదుల కొద్దీ దావాలు పడ్డాయి. ఏప్రిల్ 25న ప్రభుత్వమే దిగొచ్చి, రికార్డులు పునరుద్ధరిస్తున్నామని కోర్టులకు చెప్పుకుంది. నెల తిరక్కముందే తేలిపోయింది. అటు దుబాయిలో పద్దెనిమిదేళ్లు, ఇటు అట్లాంటాలో మూడు వారాలు. దేశాలు వేరు, నేరారోపణలు వేరు, ఆ పోలిక పూర్తిగా సమం కాదని ఒప్పుకోవాల్సిందే. కానీ మొదటి రోజుల్లోనే వకీలు చేతిలోకి కేసు వెళ్తే ఏమవుతుందన్న దానికి ఇంతకన్నా దగ్గరి సాక్ష్యం మనకు లేదు.

చదువూ డబ్బూ ఉన్నవాళ్లు కాబట్టి గెలిచారని అనిపించవచ్చు. అమెరికా అనుభవం ఆ మాటను నిలబడనివ్వదు. అక్కడి ఇమ్మిగ్రేషన్ కోర్టులో వలసదారుకు ప్రభుత్వం వకీలును ఇవ్వదు, ఎందుకంటే దేశం నుంచి పంపేయడం అక్కడ సివిల్ వ్యవహారం. 2007 నుంచి 2012 దాకా జరిగిన కేసులను పరిశీలించి 2015లో వెలువడిన ఒక జాతీయ అధ్యయనంలో, వలసదారుల్లో 37 శాతానికే వకీలు దొరికాడని తేలింది. నిర్బంధంలో ఉన్నవాళ్లలోనైతే 14 శాతమే. న్యూయార్క్ నగరం 2013లో నిర్బంధంలో ఉన్న పేద వలసదారులకు సొంత ఖర్చుతో వకీళ్లను పెట్టింది. వకీలు లేనప్పుడు వందలో నాలుగు కేసులు గెలిచే చోట, ఆ పథకం కింద 48 దాకా గెలుస్తారని 2017లో వేరా సంస్థ లెక్కగట్టింది. అదే ఊరు, అవే కోర్టులు, అలాంటి పేదవాళ్లే. పక్కన ఒక మనిషి నిలబడటం ఒక్కటే తేడా. 2019 జనవరిలో ఫార్మింగ్టన్ అనే ఉత్తుత్తి యూనివర్సిటీ పెట్టి అమెరికా అధికారులే వల పన్నినప్పుడు పట్టుబడ్డవాళ్లలో అధికులు మన తెలుగు పిల్లలు. తెలిసే చేరారు కదా అని చాలామంది వాళ్లనే తిట్టారు. ఫీజు తీసుకుని చదువు చెప్పకపోవడం ఒప్పందాన్ని ఉల్లంఘించడమేనంటూ ఒక విద్యార్థి తరఫున వేసిన దావాను కింది కోర్టు కొట్టేసినా, 2024 జూన్‌లో ఫెడరల్ సర్క్యూట్ అప్పీళ్ల కోర్టు దానికి మళ్లీ ప్రాణం పోసింది. ఊరంతా తప్పు పట్టినవాళ్ల వైపు కూడా వినదగిన వాదన ఒకటి ఉందని తేలడానికి ఐదేళ్లు పట్టింది. వకీలు పట్టువదలకుండా ఉంటే గానీ అది తేలదు.

> బాలసుందరం పళ్లు
> 1894లో దక్షిణాఫ్రికాలోని డర్బన్‌లో ఒప్పంద కూలీ బాలసుందరం, యజమాని కొట్టిన దెబ్బలకు ముందు పళ్లు రెండు విరిగి, చిరిగిన బట్టలతో ఒక యువ బారిస్టరు ఆఫీసుకు వచ్చాడు. ఆ బారిస్టరు మోహన్‌దాస్ గాంధీ. ఆయన మొదట కోర్టుకు పోలేదు, డాక్టరు దగ్గరికి తీసుకెళ్లి గాయాల మీద సర్టిఫికెట్ రాయించాడు. ఆ కాగితంతో మేజిస్ట్రేటును కలిశాడు. ఆనాటి చట్టం ప్రకారం యజమానిని వదిలి వెళ్లడమే కూలీకి నేరం. అందుకే యజమానిని జైలుకు పంపే దారి వదిలి, ఒప్పందం మరో యజమానికి మారేలా చూశాడు. గాంధీ ప్రోత్సాహంతోనే మరో బారిస్టరు మణిలాల్ డాక్టర్ 1907లో మారిషస్ వెళ్లి కూలీల కేసులు వాదించాడు. కోరంగి రేవు నుంచి ఓడలెక్కిన తెలుగువాళ్ల సంతతి ఆ దీవిలో అప్పటికే స్థిరపడి ఉంది.

ఆ బాలసుందరం కేసులో ఉన్న చిక్కు నేటికీ పోలేదు. యజమానిని వదలడమే నేరమయ్యే పద్ధతి గల్ఫ్‌లో కఫాలా పేరుతో దశాబ్దాల పాటు నడిచింది. కొన్ని దేశాలు ఈమధ్య సడలించినా, ఇళ్లలో పనిచేసే ఆడవాళ్లకు ఆ సడలింపు చాలాచోట్ల అందలేదు. జీతం ఇవ్వని కఫీల్ (వీసా ఇచ్చిన యజమాని) దగ్గర నుంచి బయటపడిన కార్మికుణ్ని మనవాళ్లే ఖల్లివెల్లి అంటారు. ఆ క్షణం నుంచి అతను బాధితుడు కాదు, చట్టం దృష్టిలో పారిపోయినవాడు. అఖామా (నివాస అనుమతి) గడువు తీరుతుంది, జరిమానా రోజురోజుకూ పెరుగుతుంది. కడప, గోదావరి జిల్లాల నుంచి ఖద్దామా (ఇంటిపనిమనిషి) వీసా మీద కువైట్ వెళ్లిన ఆడవాళ్లకు ఈ స్థితి ఇంకా ఘోరం. వాళ్లు పనిచేసే చోటు నాలుగు గోడల ఇల్లు, సాక్షులంతా యజమాని బంధువులే. అక్కడ మొదటి కాగితం ఏది తయారుచేయాలో, ఏ మాట ఎవరి ముందు అనకూడదో తెలిసిన మనిషి సలహా దొరక్కపోతే, బయటపడ్డ అడుగే ఆమె మీద కేసవుతుంది.

పదో తరగతి గీత

మన 1983 చట్టం కింది నిబంధనలు వలస వెళ్లేవాళ్లను ఒక గీత గీసి విడగొడతాయి. పదో తరగతి పాసైనవాళ్ల పాస్‌పోర్టు మీద ముద్ర ఉండదు. పాసవనివాళ్ల పాస్‌పోర్టు మీద ఈసీఆర్ అని పడుతుంది, అంటే ఉద్యోగానికి 18 దేశాల్లో దేనికి వెళ్లాలన్నా ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ అనుమతి కావాలి. గల్ఫ్ దేశాలు ఆరూ ఆ జాబితాలో ఉన్నాయి. ఆ అనుమతి ఇవ్వాలంటే ఒప్పంద పత్రం చూడాలి, జీతం చూడాలి, బీమా చూడాలి. ఉద్దేశం మంచిదే. కానీ ఏజెంటు ఆ గుమ్మం ఎక్కకుండానే పని కానిచ్చే దారి కనిపెట్టి చాలాకాలమైంది. విజిట్ వీసా మీద పంపితే ఉద్యోగం ఊసే ఉండదు, కాబట్టి తనిఖీ కూడా ఉండదు. అక్కడికి వెళ్లాక వీసా మారుస్తామంటారు. మారితే సరే, మారకపోతే ఆ మనిషికి ఒప్పందం లేదు, బీమా లేదు, ఫలానా ఏజెంటు పంపాడనడానికి రుజువూ లేదు. చట్టం తన కోసం పెట్టిన రక్షణలన్నీ అతను విమానం ఎక్కకముందే పోగొట్టుకున్నాడు. పోగొట్టుకున్నానన్న సంగతి కూడా తెలియదు.

పదో తరగతి దాటినవాళ్లలో చాలామందికి చట్టం ఈ అనుమతి గొడుగు పట్టలేదు. చదువుకున్నవాడు తనను తాను కాపాడుకోగలడని అనుకున్నారు. 2024లో కంబోడియా నుంచి, 2025 మార్చిలో మయన్మార్ సరిహద్దు నుంచి తిరిగొచ్చిన తెలుగు యువకులు ఆ నమ్మకాన్ని తలకిందులు చేశారు. డేటా ఎంట్రీ కొలువన్నారు, కంప్యూటరు తెలిస్తే చాలన్నారు. తీసుకెళ్లి సైబర్ మోసాలు చేయించే శిబిరాల్లో కూర్చోబెట్టారు. పాస్‌పోర్టులు లాక్కున్నారు. వాళ్లలో డిగ్రీలు, ఇంజినీరింగులు చదివినవాళ్లు ఉన్నారు. కంబోడియా గానీ, మయన్మార్ గానీ ఆ 18 దేశాల జాబితాలో లేవు. రష్యాలో సహాయకుడి ఉద్యోగమని నమ్మి వెళ్లి యుద్ధంలో ప్రాణాలు పోగొట్టుకున్న హైదరాబాద్ యువకుడి విషయంలోనూ అంతే. అంటే బలహీనుడు ఎవరన్నది మెమోలో మార్కులను బట్టి తేలే విషయం కాదు. మిత్తికి తెచ్చిన అప్పు నెత్తిన పెట్టుకుని, చదవలేని భాషలో రాసిన కాగితం మీద సంతకం పెట్టే ప్రతి మనిషీ ఆ క్షణంలో బలహీనుడే.

బావమరిది ఫిర్యాదు చెల్లదు

మోసపోయాక ఏం జరుగుతుందో చూస్తే వకీలు అవసరం మరింత తెలుస్తుంది. లైసెన్సు లేని ఏజెంటుకు 1983 చట్టం 24వ సెక్షన్ కింద పడే శిక్ష గరిష్ఠంగా రెండేళ్ల జైలు, రూ.2,000 జరిమానా. లైసెన్సున్న ఏజెంటు కార్మికుడి దగ్గర రూ.30,000, దాని మీద జీఎస్టీకి మించి తీసుకోకూడదు. ఊళ్లలో లక్ష, లక్షన్నర ఇచ్చామనేది మామూలు మాట. అంటే ఒక్క మనిషి దగ్గర గుంజినదాంట్లో యాభయ్యో వంతు చాలు, జరిమానా తీరిపోతుంది. జరిమానా ఇంత చిన్నదన్న సంగతి అందరూ ఎత్తిచూపుతారు. అంతగా ఎవరూ పట్టించుకోని చిక్కు 27వ సెక్షన్‌లో ఉంది. ఈ చట్టం కింద ప్రాసిక్యూషన్ నడపాలంటే ముందుగా కేంద్ర ప్రభుత్వ అనుమతి కావాలి. ఫిర్యాదు చేసింది స్వయంగా వలస కార్మికుడైతే అక్కర్లేదు. అతని తల్లి, తండ్రి, భర్త, భార్య, కొడుకు, కూతురు, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు, సంరక్షకుడు అయినా అక్కర్లేదు. ఉమ్మడి హిందూ కుటుంబమైతే దాని పెద్ద చేసినా చెల్లుతుంది.

ఇప్పుడు మన పల్లెల్లో డబ్బు ఎలా చేతులు మారుతుందో గుర్తుచేసుకోండి. ఏజెంటును తెలిసినవాడు బావమరిది. హామీ ఉన్నవాడు మేనమామ. ఫోన్‌పేలో డబ్బు పంపింది చిన్ననాటి స్నేహితుడు. కార్మికుడు అక్కడ ఇరుక్కున్నాడని తెలిసిన రోజు ఆవేశంతో పోలీస్ స్టేషన్‌కు పోయేదీ వీళ్లే, ఎందుకంటే ఏజెంటుతో మాట్లాడింది వీళ్లు. ఆ జాబితాలో వీళ్లెవరూ లేరు. నేరం కాగ్నిజబుల్ కాబట్టి ఎఫ్ఐఆర్ నమోదవుతుంది, ఏజెంటు అరెస్టు కూడా కావచ్చు, పేపర్లో ఫొటో వస్తుంది. తీరా విచారణకు వచ్చేసరికి అనుమతి ఏదని డిఫెన్సు వకీలు లేచి నిలబడతాడు. ఏజెంటుకు వకీలు ఉంటాడు మరి. ఫిర్యాదు కింద బావమరిది సంతకానికి బదులు భార్య సంతకమో తల్లి వేలిముద్రో ఉంటే ఆ చిక్కే ఉండదు. ఈ ఒక్క మాట చెప్పడానికి ఏ వకీలుకైనా ఐదు నిమిషాలు చాలు. ఆ ఐదు నిమిషాలు దొరక్క కేసు నీరుగారిపోవడం న్యాయం అనిపించుకోదు.

సముద్రం అవతల పోయిన మనిషి తరఫున ఇక్కడ తయారయ్యే ఫైలు కూడా ఇలాంటిదే. గల్ఫ్‌లో ఒక కార్మికుడు పనిలో చనిపోయాడనుకుందాం. శవాన్ని ఊరికి తెప్పించడంతో బంధువుల బలమంతా అయిపోతుంది. రావాల్సిన జీతం బకాయి, పని ముగింపు డబ్బు, ప్రమాద పరిహారం అక్కడే ఉండిపోతాయి. వాటిని రాబట్టాలంటే తహసీల్దారు ఇచ్చే కుటుంబ సభ్యుల ధ్రువపత్రం కావాలి. అక్కడి వకీలుకో, ఎంబసీకో ఇచ్చే పవర్ ఆఫ్ అటార్నీ కావాలి. ఆ పత్రానికి నోటరీ, రాష్ట్ర ప్రభుత్వ ధ్రువీకరణ, విదేశాంగ శాఖ ముద్ర వరసగా పడాలి. సౌదీకైతే 2022 చివరి నుంచి అపోస్టిల్ సరిపోతోంది. యూఏఈకో కువైట్‌కో అయితే ఆ దేశపు దౌత్య కార్యాలయం ముద్ర కూడా తప్పదు. ధ్రువపత్రంలో భార్య పేరు ఒకలా, ఆధార్‌లో మరోలా ఉంటే మళ్లీ మొదటికి. ఇక్కడ వాదన గెలవడం కంటే ముందు కాగితం గెలవాలి. ఆ భార్యకు దారి చూపాల్సింది మండలంలో తిరిగే పైరవీకారు కాదు, జవాబుదారీ ఉన్న వకీలు.

> ఉచిత వకీలు ఎవరికి?
> 1987 నాటి న్యాయసేవల అధికార సంస్థల చట్టం 12వ సెక్షన్ ప్రకారం ఆదాయంతో పని లేకుండానే ఉచిత న్యాయ సహాయం పొందే హక్కు ఉన్నవాళ్లు: మహిళలు, పిల్లలు, ఎస్సీ ఎస్టీలు, మనుషుల అక్రమ రవాణా లేదా వెట్టి బాధితులు, దివ్యాంగులు, పారిశ్రామిక కార్మికులు, కస్టడీలో ఉన్నవాళ్లు. నిర్ణీత పరిమితి లోపు ఆదాయం ఉన్నవాళ్లు కూడా అర్హులు. హెల్ప్‌లైన్: 15100.
>
> బీమాలోనే లాయరు ఖర్చు
> ఈసీఆర్ పాస్‌పోర్టుతో ఉద్యోగానికి వెళ్లేవాళ్లకు ప్రవాసీ భారతీయ బీమా యోజన తప్పనిసరి. రెండేళ్లకు ప్రీమియం రూ.275, మూడేళ్లకు రూ.375. ప్రమాద మరణానికి రూ.10 లక్షలు. ఉద్యోగానికి సంబంధించిన న్యాయ ఖర్చులకు రూ.45,000 దాకా ఇందులోనే ఉంది. విజిట్ వీసా మీద వెళ్లినవాళ్లకు ఇదేదీ వర్తించదు.

‘ఇక్కడి వకీలు అక్కడేం చేస్తాడు?’

ఈ వాదనకు ఎదురొచ్చే మాటల్లో బలమైనది ఇదే. నాంపల్లిలోనో సికింద్రాబాద్ సిటీ సివిల్ కోర్టులోనో వాదించే మనిషి రియాద్ లేబర్ కోర్టులో నోరు విప్పలేడు కదా అంటారు. నిజమే, విప్పలేడు. కానీ రియాద్‌లో కేసు నిలబడాలన్నా పడిపోవాలన్నా ఆధారం ఇక్కడి నుంచే పోవాలి. పైగా ఇక్కడి కోర్టు చెయ్యి ఎంత దూరం పోతుందో తెలుగువాళ్లకు తెలిసినంతగా మరొకరికి తెలియదు. తిరుపతిలో 1975లో పెళ్లి చేసుకున్న ఒక భర్త అమెరికాలోని మిస్సోరీ కోర్టులో విడాకులు తెచ్చుకుని, యాదగిరిగుట్టలో రెండో పెళ్లి చేసుకున్నాడు. మొదటి భార్య ఇక్కడి కోర్టులోనే పోరాడింది. ఆ విడాకులు ఇక్కడ చెల్లవని సుప్రీంకోర్టు 1991లో ఇచ్చిన తీర్పు నేటికీ ఎన్నారై భర్తలు వదిలేసిన ప్రతి మహిళకూ ఆసరా. 2020 సెప్టెంబరులో గల్ఫ్ వెళ్లే కార్మికుల కనీస సిఫార్సు వేతనాన్ని 30 నుంచి 50 శాతం దాకా తగ్గిస్తూ కేంద్రం సర్క్యులర్లు ఇచ్చినప్పుడు, వాటిని సవాలు చేసింది తెలంగాణ హైకోర్టులో వేసిన ప్రజాప్రయోజన వ్యాజ్యమే. 2021లో కేంద్రం ఆ సర్క్యులర్లను వెనక్కి తీసుకుంది. లక్షలమంది జీతాన్ని హైదరాబాద్‌లో దాఖలైన ఒక పిటిషన్ తాకింది.

ఇంకో సంగతి. యూఏఈ కోర్టుల సివిల్ తీర్పులను మన జిల్లా కోర్టుల్లోనే నేరుగా అమలు చేసుకోవచ్చని 2020 జనవరిలో కేంద్రం నోటిఫికేషన్ ఇచ్చింది. అక్కడ బ్యాంకుకు బాకీపడి ఇల్లు చేరినవాడి తలుపు ఆ బ్యాంకు వకీలు ఇక్కడ తట్టగలడు. అదే నోటిఫికేషన్ కింద, అక్కడ కోర్టులో గెలిచి డబ్బు రాని కార్మికుడు ఇక్కడ ఆస్తులున్న యజమాని మీదికి వెళ్లవచ్చు. దారి ఇద్దరికీ ఒకటే. బ్యాంకు ఆ దారిన పోతుంది, కార్మికుడు పోలేడు. బ్యాంకుకు వకీలు ఉన్నాడు, ఇతనికి లేడు.

తెలిసే వెళ్లారు, విజిట్ వీసా అని తెలిసే ఎక్కారు, వాళ్ల తప్పుకు ప్రజల సొమ్ముతో వకీలా అనేవాళ్లు కూడా తక్కువేం కాదు. హత్య చేశాడని కళ్లముందు సాక్ష్యం ఉన్నవాడికి కూడా మన రాజ్యాంగం 22వ అధికరణం వకీలును నిరాకరించలేదు. అలాంటిది పని కోసం అప్పు చేసి బయల్దేరినవాడికి ఎలా నిరాకరిస్తాం? పైగా ఆ ‘తెలిసే’ అన్న మాటే తేలాల్సి ఉంటుంది. ఏజెంటు ఏం చెప్పాడు, కాగితంలో ఏముంది, ఆ రెంటికీ మధ్య ఎంత తేడా అన్నది విచారణలో తేలాల్సిన సంగతి. రచ్చబండ మీద తీర్పు చెప్పే విషయం కాదు.

వకీళ్లు కూడా దోచుకునేవాళ్లే కదా అన్న అనుమానాన్ని కొట్టిపారేయలేం. ఇమ్మిగ్రేషన్ సలహా పేరుతో బోర్డులు పెట్టి ఫీజు గుంజే కన్సల్టెన్సీలు హైదరాబాద్ నగరంలో ఉన్నాయి. అందులో కూర్చున్నవాళ్లలో అందరూ వకీళ్లు కారు. అసలు తేడా అక్కడే ఉంది. వకీలు తప్పు చేస్తే బార్ కౌన్సిల్‌కు ఫిర్యాదు చేయొచ్చు, సన్నదు రద్దు చేయించవచ్చు. క్లయింటు రహస్యం బయటపెట్టకూడదనే నియమం అతనికి ఉంది. కన్సల్టెంటుకు ఆ రెండూ లేవు.

సంఘాలు, నాయకులు, టీవీ చానళ్లు చూసుకుంటాయిలే అనే ధీమా మాత్రం వదులుకోవాలి. గల్ఫ్ కార్మికుల సంఘాల కార్యకర్తలు, అమెరికాలోని తెలుగు సంఘాలు తానా, ఆటా లాంటివి చేసిన మేలు తక్కువది కాదు. వాళ్లు లేకపోతే ఎన్ని శవపేటికలు ఊళ్లకు చేరేవి కావో. బేగంపేటలోని ప్రజాభవన్‌లో 2024 సెప్టెంబరు నుంచి ప్రవాసీ ప్రజావాణి నడుస్తోంది. గల్ఫ్‌లో చనిపోయినవాళ్ల కుటుంబాలకు రాష్ట్ర ప్రభుత్వం రూ.5 లక్షలు ఇస్తోంది. ఇవన్నీ అవసరమే. కానీ అర్జీ వేరు, హక్కు వేరు. అర్జీ పెట్టుకుంటే దయ చూపొచ్చు, చూపకపోవచ్చు. వీడియో వైరల్ అయిన ఖద్దామాకు ఔట్‌పాస్ త్వరగా వస్తుంది, ఫోను లాక్కున్న ఖద్దామా వీడియో తీయలేదు. వకీలు చేతిలో ఉన్న ఫైలుకు ఆ తేడా ఉండదు.

హైదరాబాద్ నగరానికి వలస వచ్చినవాళ్ల విషయంలోనూ ఇదే సూత్రం నిలవాలి. బాలాపూర్ పరిసరాల్లో వేలమంది రోహింగ్యాలు ఏళ్లుగా తలదాచుకుంటున్నారు. శరణార్థుల ఒప్పందం మీద భారత్ సంతకం చేయలేదు. 1946 నాటి విదేశీయుల చట్టం స్థానంలో 2025 సెప్టెంబరు 1 నుంచి కొత్త చట్టం వచ్చింది. అయినా 21వ అధికరణం పౌరులకే కాదు, ఈ నేల మీద ఉన్న ప్రతి మనిషికీ వర్తిస్తుందని మన కోర్టులు ఎన్నోసార్లు చెప్పాయి. రియాద్‌లో మనవాడికి వకీలు కావాలని అడిగే నోటితో బాలాపూర్‌లోని మనిషికి వద్దని అనలేం.

కేరళలో ఉంది, మనకు లేదు

కేరళ 1996లోనే ప్రవాసుల కోసం ప్రత్యేక శాఖ పెట్టుకుంది. దాని కింద పనిచేసే నోర్కా రూట్స్ ప్రవాసీ లీగల్ ఎయిడ్ సెల్ నడుపుతోంది. గల్ఫ్ దేశాల్లో స్థానిక చట్టం, మలయాళం రెండూ తెలిసిన న్యాయ సలహాదారులను నియమించి, చిన్న తప్పులకో చేయని తప్పులకో ఇరుక్కున్న కేరళవాసులకు సాయం చేయిస్తోంది. అది కూడా లోపాలు లేని ఏర్పాటేం కాదు. కానీ ఒక కొట్టాయం మనిషికి ఫోన్ చేయడానికి తన భాష మాట్లాడే వకీలు నంబరు ఉంది. సిరిసిల్ల మనిషికి లేదు. ఇక్కడ తెలంగాణ రాష్ట్ర న్యాయసేవల అధికార సంస్థ ప్యానెల్ లాయర్లను జైళ్లలో, పోలీస్ స్టేషన్లలో కూర్చోబెడుతోంది. పాస్‌పోర్టు కార్యాలయంలోనూ, ప్రొటెక్టర్ కార్యాలయంలోనూ, జగిత్యాల, నిజామాబాద్ కోర్టుల్లోనూ అలాగే ఒకరిని కూర్చోబెట్టి, ఒప్పంద పత్రాన్ని తెలుగులో చదివి వినిపించే పని అప్పగించడానికి కొత్త చట్టమేదీ అక్కర్లేదు. 12వ సెక్షన్ జాబితాలో వలస వెళ్లేవాళ్లలో అత్యధికులు ఇప్పటికే ఉన్నారు.

కొత్త చట్టంతో మాత్రమే అయ్యే పనులు వేరే ఉన్నాయి. 27వ సెక్షన్‌లోని బంధువుల జాబితా పోయి, డబ్బు కట్టినవారెవరైనా ఫిర్యాదు చేయగలగాలి. ముందస్తు అనుమతి నిబంధన ఎత్తేయాలి. బీమాలోని న్యాయ ఖర్చు రూ.45,000 విజిట్ వీసా మీద మోసపోయినవాళ్లకూ అందాలి, రక్షణను 18 దేశాలతో సరిపెట్టకూడదు. అరెస్టయిన భారతీయుడికి ఎన్ని రోజుల్లో ఎంబసీ వకీలును చూపించాలో చట్టంలోనే గడువు రాయాలి. ముసాయిదా మీద ప్రజాభిప్రాయానికి ఇచ్చిన గడువు 2025 నవంబరు 7తో ముగిసింది. బిల్లు సభ ముందుకు వచ్చినప్పుడు సవరణలు ప్రతిపాదించే అధికారం ఉన్నవాళ్లు తెలంగాణ నుంచి 17 మంది, ఆంధ్రప్రదేశ్ నుంచి 25 మంది లోక్‌సభలో ఉన్నారు. వాళ్లలో ఎంతమంది ఈ సవరణలు పెడతారో వాళ్ల నియోజకవర్గాల్లోని గల్ఫ్ కుటుంబాలు ఇప్పటి నుంచే అడగడం మొదలుపెట్టాలి.